మా కొబ్బరితోట పక్కన గ్యాస్ బావి తవ్వుతున్నారు, ఏమేం చూసుకోవాలి?
మాది కోనసీమండి. తోట గట్టుకి అవతల చేలో రిగ్ దింపారు. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది, 2014లో నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలింది. అవి చూసినవాళ్ళం, ఇంట్లో ఒకటే టెన్షన్.

భూమి కింద గ్యాస్ ప్రభుత్వానిదే, మనకి రాయల్టీ రాదని తెలుసు. నా భయం నీళ్ళ గురించి. డ్రిల్లింగ్ బురద వదిలే గుంటలో పరిచిన షీటు ఒక మూల చిరిగి ఉంది, ఆనుకునే మా బోదె. ఇప్పుడే బోరు నీళ్ళు పరీక్ష చేయించి రిపోర్టు దాచుకుంటే, రేపు తేడా వస్తే పనికొస్తుందా? ఉప్పదనం కాక ఇంకేం పరీక్షలు అడగాలి? పర్యావరణ అనుమతి పత్రాలు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో ఎలా వెతకాలి?

రేపు పైపులైను మా తోటలోంచి వేస్తే, పెట్రోలియం పైపులైన్ల 1962 చట్టం ప్రకారం భూమి మనదే అయినా ఆ పైపులైను పోయే మేర చెట్లు వేయకూడదు. కాపుకొచ్చిన కొబ్బరిచెట్టుకి పరిహారం ఎలా కట్టారో, తీసుకున్న రైతులెవరైనా దయచేసి చెప్పండి.