లీవ్ రోజులకి 17.5 శాతం అదనం గోడౌన్ పనివాళ్లకి రాదా?

ప్రశ్న

అందరికీ నమస్తే. మెల్‌బోర్న్‌లో ఒక గోడౌన్‌లో రాత్రి షిఫ్టు చేస్తాను. మొదట క్యాజువల్ (గంటల గ్యారంటీ లేని పని), ఇప్పుడు పర్మనెంట్ ఫుల్‌టైమ్. చెల్లి పెళ్లికి ఇంటికెళ్లొచ్చాను. లీవ్ రోజులకి జీతం పడింది గానీ ఒట్టి గంటల రేటే. వేరే కంపెనీలో చేసే మా రూమ్మేట్ పేస్లిప్‌లో 'లీవ్ లోడింగ్' అని విడిగా ఉంది. మా సూపర్‌వైజర్‌ని అడిగితే "అది గవర్నమెంటు ఉద్యోగాలకే" అన్నాడు. నిజమేనా? నాది గంటకి 30 డాలర్లు, వారానికి 38 గంటలు. పెళ్లి అప్పులున్నాయి, నాకు ప్రతి డాలరూ లెక్కే.

జవాబు 1

నిజం కాదు తమ్ముడూ. నేను ఇక్కడే పేరోల్‌లో చేస్తాను, ఈ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది. ఇక్కడి కార్మిక చట్టం, ఫెయిర్ వర్క్ చట్టం, ఏడాదికి నాలుగు వారాల లీవ్‌ని, దానికి బేస్ రేటు జీతాన్ని ఇస్తుంది. ఆ పైన 17.5 శాతం, అంటే లీవ్ లోడింగ్, వచ్చేది నీ పనికి వర్తించే అవార్డు (ఒక్కో రంగానికి కనీస జీతాలు, షరతులు రాసిన చట్టబద్ధ పత్రం) నుంచో, కంపెనీ అగ్రిమెంట్ నుంచో. చాలా ప్రైవేటు రంగాల అవార్డుల్లో అది ఉంది.

నీ లెక్కన వారానికి 1,140 డాలర్లు, లోడింగ్ 199.50. అయితే రాత్రి షిఫ్టు వాళ్లకి చాలా అవార్డుల్లో షిఫ్టు అదనం, లోడింగ్ రెండిట్లో ఏది ఎక్కువైతే అది ఇస్తారు, రెండూ కలిపి కాదు. మాటవరసకి షిఫ్టు అదనం 30 శాతం అనుకో, వారానికి 342 వస్తుంది. అప్పుడు 'లీవ్ లోడింగ్' అనే పేరు పేస్లిప్‌లో కనపడకపోయినా తప్పు లేదు. నీకు ఏదీ పడలేదంటే మాత్రం అడగాల్సిందే. ముందు నీ అవార్డు ఏదో కనుక్కో. క్యాజువల్‌గా చేసిన రోజులకి లీవ్ జమ కాదు, దానికి బదులే అప్పట్లో గంటల రేటు మీద 25 శాతం ఇచ్చారు.

జవాబు 2

నాది ఐటీ. మా ఆఫర్ లెటర్‌లో లోడింగ్ జీతంలో కలిపే ఉందని రాశారు, అందుకే విడిగా రాదు. మీ కాంట్రాక్టులో అలాంటి వాక్యం ఉందేమో చూడండి.

జవాబు 1 మళ్లీ

మంచి మాట. అలా రాసినా మొత్తం మీద అవార్డు ప్రకారం వచ్చేదానికంటే తగ్గకూడదు.

అడిగినవారు

కాంట్రాక్టు చదివాను అక్కా, ఆ వాక్యం లేదు. లీవ్ వారాల్లో షిఫ్టు అదనం కూడా లేదు. గట్టిగా అడిగితే రోస్టర్‌లో గంటలు కోస్తారేమోనని భయంగా ఉంది.

జవాబు 1

నీకు రావాల్సింది అడిగావని గంటలు కోయడం చట్టవిరుద్ధం. సూపర్‌వైజర్‌తో నోటిమాట వద్దు. పేరోల్‌కి ఈమెయిల్ పెట్టు, అవార్డు పేరు రాసి, లీవ్ తేదీల పేస్లిప్‌లు జతచెయ్యి. తేల్చకపోతే ఉద్యోగుల ఫిర్యాదులు చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లు, ఉచితం, తెలుగు దుబాసీని కూడా అడగొచ్చు. ఆరేళ్ల వెనక బకాయి దాకా అడిగే హక్కుంది. ఉద్యోగం మానేసేటప్పుడు మిగిలిన లీవ్‌కి కట్టే డబ్బులోనూ ఈ అదనం కలవాలి, అదీ గుర్తుపెట్టుకో.