జాన్ హాలండ్ తన తొలి జలాంతర్గామిని పసాయక్ నదిలో దింపిన చోటు ఎక్కడ?

న్యూజెర్సీలోని ప్యాటర్సన్ మ్యూజియంలో జాన్ ఫిలిప్ హాలండ్ కట్టిన రెండు జలాంతర్గాములు చూశాను. 1881 నాటి ఫీనియన్ రామ్ 31 అడుగులు ఉంటుంది. నన్ను కదిలించింది మాత్రం రెండోది, ఆయన తొలి జలాంతర్గామి: 14 అడుగుల పొడవు, ఒక్క మనిషి ఇరుక్కుని కూర్చునేంత చోటు. ఈ ఊరి బడిలో పాఠాలు చెప్పిన ఐరిష్ మాస్టారు హాలండ్ 1878లో దాన్ని పసాయక్ నదిలో పరీక్షించారు. తర్వాత ఇంజన్ తీసేసి ఆయనే ముంచేశారు. 1927లో పైకి తీశారు.

ఆ ఒడ్డున ఒక్కసారి నిలబడాలని ఉంది. గ్రేట్ ఫాల్స్‌కు ఎగువన అని తెలుసు. మూడు శనివారాలు ఉదయం 10 నుంచి 1 దాకా జలపాతం పైనుంచి రెండు గట్లూ నడిచాను, గుర్తుగా ఏ ఫలకమూ కనిపించలేదు. లైబ్రరీలో పాత మ్యాపులు తిరగేశాను. వంతెనలు, మిల్లులు ఉన్నాయి కానీ ఈ చోటు గుర్తు లేదు. ఇప్పటి గూగుల్ మ్యాప్‌తో పోల్చినా తేలలేదు, కొన్ని వీధుల పేర్లే మారిపోయాయి.

ప్యాటర్సన్, టోటోవా వైపు ఉండే మనవాళ్లెవరికైనా తెలిస్తే చెప్పండి: ఆ పడవను నీళ్లలోకి దింపిన చోటు ఇప్పుడు ఏ వీధి చివర, ఏ వంతెన పక్కన ఉంది?