వి-డ్రైవ్ బోటు: ఇంజన్ ఎక్కించాక 2000 ఆర్‌పీఎం దగ్గర వణుకు. కప్లింగ్ సరిగ్గానే ఉంది, ఇంకేం చూడాలి?

బాలానగర్ స్పానర్:

అందరికీ నమస్తే. నాది బాలానగర్‌లో చిన్న షెడ్డు. 22 ఏళ్ళుగా లారీలు, జేసీబీలు, జనరేటర్లు చేస్తున్నా. బోటు పట్టుకోవడం మాత్రం ఇదే మొదటిసారి. ఒక పార్టీ గోవా నుంచి పాత అమెరికన్ స్కీ బోటు ట్రైలర్ మీద తెచ్చుకున్నాడు. ఫోర్డ్ 351 విండ్సర్, 5.8 లీటర్ల వి8, పెట్రోలు. "ఏముందన్నా, ఇంజనే కదా" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నా, నా ఖర్మ.

తెలియనివాళ్ళకి ఒక మాట. ఈ బోటులో ఇంజన్‌ను తిరగేసి కూర్చోబెట్టారు. పుల్లీలు బోటు వెనక్కి, ఫ్లైవీల్ ముందుకి ఉంటాయి. గేర్‌బాక్స్ నుంచి రెండు క్రాసులున్న (కోణంలోనూ తిరిగే యూనివర్సల్ జాయింట్లు) పొట్టి షాఫ్ట్ ముందుకెళ్ళి వి-బాక్సులోకి పోతుంది. అక్కడ మలుపు తిరిగి, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఇంజన్ కిందనుంచే వెనక్కి వస్తుంది. లారీలో మనం ప్రొపెల్లర్ షాఫ్ట్ అనేది ఇక్కడ ఆ పొట్టి షాఫ్ట్. ఇక్కడ నిజంగానే ప్రొపెల్లర్ ఉంది కాబట్టి మా కుర్రాళ్ళతో మాట్లాడేటప్పుడు రోజుకి పదిసార్లు తికమక.

నేను చేసిన పని: ఇంజన్ పూర్తి రిపేరు. డ్యాంపర్ ప్లేటు కొత్తది. పొట్టి షాఫ్ట్ క్రాసులు మార్చి, బ్యాలెన్సింగ్ చేయించి, పెయింట్ కొట్టించా. స్ప్లైన్ (షాఫ్ట్ రెండు ముక్కలు ఒకదానిలోకి ఒకటి దూరే పళ్ళ జోడు) విప్పి గ్రీజు పెట్టి మళ్ళీ ఎక్కించా. ముందు ఇంజన్ బిగించి, దానికి వి-బాక్సు, దానికి షాఫ్ట్ కలిపా. వి-బాక్సునీ ప్రొపెల్లర్ షాఫ్ట్‌నీ కలిపే కప్లింగ్ ఫేసుల మధ్య ఫీలర్ (సందు కొలిచే పల్చటి రేకు) పెడితే చుట్టూ తేడా 0.05 మిల్లీమీటరే. షెడ్డులోనే గేరు వేసి ఓ నిమిషం తిప్పితే బాగానే ఉంది. పాత ఆల్టర్నేటర్ కాలిపోయి ఉంటే రాణిగంజ్‌లో దొరికిన కారు ఆల్టర్నేటర్ వేశా.

నాగార్జునసాగర్‌లో నీళ్ళలో దింపాం. న్యూట్రల్‌లో వెన్నలా తిరుగుతుంది. గేరులో 1800 నుంచి 2200 మధ్య సీటు కింద గుర్రం పరిగెత్తినట్టు వణుకు. మూడు వేలు దాటితే కొంచెం తగ్గుతుంది కానీ పోదు. పార్టీ రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేస్తున్నాడు. ఒకటే టెన్షన్.

ప్లగ్గు దొర:

ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) చూసుకున్నారా? 351 విండ్సర్‌కి 1-3-7-2-6-5-4-8. పాత 302 ఆర్డర్ 1-5-4-2-6-3-7-8 అనుకుని వైర్లు పెట్టేవాళ్ళను చూశా. పైగా మీ ఇంజన్ తిరగేసి ఉంది కాబట్టి ఒకటో సిలిండర్ బోటు వెనకపక్క ఎడమవైపు ఉంటుంది. వ్యతిరేక దిశలో తిరిగే మెరైన్ ఇంజన్ అయితే ఆర్డర్ కూడా తిరగబడుతుంది.

ఉప్పుగాలి, విశాఖ:

దొరగారూ, న్యూట్రల్‌లో వెన్నలా ఉందని చెప్పారు కదండీ. వైర్లు తప్పయితే అక్కడే దగ్గేది. గేర్‌బాక్స్ తర్వాతిది చూడాలి.

స్పానర్ గారూ, ఫిషింగ్ హార్బర్‌లో పనిచేసేవాడిగా రెండు మాటలు. మొదటిది, ట్రైలర్ మీద గేరు వేసి తిప్పానన్నారు. బయట షాఫ్ట్‌ని పట్టుకున్న ఇత్తడి గొట్టంలో రబ్బరు బుష్ ఉంటుంది. దానికి నూనె, గ్రీజు ఏమీ ఉండవు, నీళ్ళే దాని నూనె. నీళ్ళు లేకుండా తిప్పితే నిమిషంలోనే రబ్బరు పాడవుతుంది. షాఫ్ట్‌ను చేత్తో పైకీ కిందికీ ఊపి చూడండి.

రెండోది వణుకు కంటే ముఖ్యం. ఆ కారు ఆల్టర్నేటర్ ఇవాళే తీసేయండి. కారులో పెట్రోలు ఆవిరి కింద నుంచి గాలికి పోతుంది. బోటులో పోవడానికి దారి లేదు. ఆవిరి గాలికంటే బరువు కాబట్టి అడుగున నిలుస్తుంది. కారు ఆల్టర్నేటర్ బ్రష్షుల దగ్గర వచ్చే నిప్పురవ్వ చాలు. బోటుకి రవ్వ బయటికి రాకుండా మూసిన ఆల్టర్నేటర్, స్టార్టర్ వేరే ఉంటాయి. స్టార్ట్ చేసేముందు నాలుగు నిమిషాలు బ్లోయర్ (అడుగున ఉన్న ఆవిరిని బయటికి లాగే ఫ్యాను) నడపండి. నవ్వకండి, మాట వినండి.

ఎడారి మిస్త్రీ:

తమ్ముడూ, మాది నిజామాబాద్. గల్ఫ్‌లో మెరీనాలో 11 ఏళ్ళు ఇలాంటి బోట్లే చేసి వచ్చా. నీ పని చెడలేదు, వరుస తిరగబడింది. లారీలో ఇంజన్ ముందు బిగించి వెనక్కి వెళ్తాం. బోటులో షాఫ్టే రాజు. రంధ్రం, రబ్బరు బుష్ ఎక్కడున్నాయో షాఫ్ట్ అక్కడే ఉండాలి, దాన్ని జరపలేం. దానికి తగ్గట్టు వి-బాక్సు, వి-బాక్సుకి తగ్గట్టు ఇంజన్.

0.05 అనేది ట్రైలర్ మీద కొలత. ఫైబర్ బోటు ట్రైలర్ దిమ్మెల మీద ఒక రకంగా వంగుతుంది, నీళ్ళలో ఇంకో రకంగా కూర్చుంటుంది. ట్యాంకు నింపి ఒక రాత్రంతా నీళ్ళలో వదిలెయ్, తెల్లారి కొలువు. లెక్క ఏమిటంటే కప్లింగ్ ఎన్ని ఇంచులుంటే అన్ని థౌల (థౌ అంటే ఇంచులో వెయ్యో వంతు) వరకు తేడా ఉండొచ్చు. నాలుగు ఇంచుల ఫ్లాంజ్‌కి నాలుగు థౌ, అంటే 0.1 మిల్లీమీటరు.

కొలిచే ముందు షాఫ్ట్ వేలాడకుండా చూడు. బోల్టులు విప్పగానే దాని బరువుకి అది కిందికి జారుతుంది, నువ్వు ఆ జారుడుకి బాక్సును కలుపుతావు. గ్లాండ్ (షాఫ్ట్ బోటులోకి వచ్చే చోట నీళ్ళు ఆపే భాగం) నుంచి కప్లింగ్ దాకా ఉన్న షాఫ్ట్ బరువులో సగం, కప్లింగ్ బరువు మొత్తం కలిపి అంత బరువును స్ప్రింగ్ త్రాసుతో పైకి లాగి కట్టు.

ఇప్పుడు బాక్సు వైపు ఫ్లాంజ్ కదలకుండా ఉంచి, షాఫ్ట్‌ని మాత్రం పావు చుట్టు, పావు చుట్టు తిప్పి ఫీలర్ పెట్టు. ఎక్కువ సందు షాఫ్ట్‌తోపాటు తిరిగితే షాఫ్టో, ఫ్లాంజ్ ఫేసో వంకర, లేత్ మీదికి పంపు. తిరగకుండా ఒకే చోట, అడుగునో పక్కనో నిలిస్తే అలైన్‌మెంట్ తప్పు, బాక్సు కింద షిమ్ములు (ఎత్తు సరిచేసే పల్చటి రేకులు) మార్చు. ఈ తేడా తెలియక ఒకరు నెలరోజులు షిమ్ములు పెట్టి తీసి చావడం కళ్ళారా చూశా.

ఇక పొట్టి షాఫ్ట్. స్ప్లైన్ విప్పానన్నావు. క్రాసు ఉన్న జాయింటు కోణంలో తిరిగితే ప్రతి చుట్టుకి రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. రెండో జాయింటు దాన్ని రద్దు చేయాలంటే షాఫ్ట్ మీది రెండు ఫోర్కులూ ఒకే సూటిలో ఉండాలి, రెండు చివర్లా కోణాలు సమానంగా ఉండాలి. ఒకటి నుంచి మూడు డిగ్రీలు మంచిది. సున్నా కూడా వద్దు, సూదుల్లాంటి రోలర్లు కదలకుండా ఒకే చోట నిలబడి కప్పులో గాడి పడుతుంది.

బాలానగర్ స్పానర్:

అన్నా, పది రోజుల తర్వాత వచ్చి రాస్తున్నా.

రాత్రంతా నీళ్ళలో ఉంచి పొద్దున్నే కొలిచా. షెడ్డులో 0.05 ఉన్నది అడుగున 0.4 అయింది! షాఫ్ట్ తిప్పినా సందు అడుగునే నిలిచింది. అంటే వంకర కాదు. ఇంజన్ మౌంట్లు వదులు చేసి, మొదట బాక్సును షాఫ్ట్‌కి కలిపా. కప్లింగ్ ఇంజన్ కిందే ఉంది, చెయ్యి పట్టదు. అద్దం, టార్చి పెట్టి బోర్లా పడుకుని మధ్యాహ్నం దాకా చేస్తే 0.08కి వచ్చింది. తర్వాత ఇంజన్. వణుకు సగం పోయింది, సగం మిగిలింది.

మిగతా సగం చెప్పడానికి సిగ్గుగా ఉంది. పొట్టి షాఫ్ట్ మీద నేనే కొట్టించిన పెయింట్ గోకితే రెండు ముక్కల మీదా బాణం గుర్తులు బయటపడ్డాయి. ఎదురెదురుగా లేవు. 16 పళ్ళ స్ప్లైన్, ఒక్క పన్ను తప్పింది. 22.5 డిగ్రీలు. లారీ షాఫ్ట్ ఎక్కించే ప్రతి కుర్రాడికీ "బాణం చూడరా" అని మొట్టికాయ వేసేవాణ్ణి. సరిచేసి ఎక్కించాక సీటు మీద టీ గ్లాసు పెట్టి నడిపా, ఒలకలేదు.

ఉప్పుగాలి గారూ, రబ్బరు బుష్ కొంచెం ఊగుతోంది, కొత్తది తెప్పిస్తున్నా. కారు ఆల్టర్నేటర్ ఆ రోజే విప్పేశా. మెరైన్ ఆల్టర్నేటర్ వచ్చేదాకా బోటు తీయొద్దని పార్టీకి చెబితే అలిగాడు, అలగనీ.

మిస్త్రీ అన్నా, ఒక్క సందేహం. గ్లాండ్ దగ్గర నిలబడి ఉన్నప్పుడూ నీళ్ళు కారుతున్నాయి. బోరు మోటార్లకి వేసినట్టు డోరీ (గ్లాండ్‌లో కుక్కే ప్యాకింగ్ తాడు) ఒకే ముక్క చుట్టి కుక్కొచ్చా?

ఎడారి మిస్త్రీ:

చుట్టకు. సైజు కొలిచి విడివిడి రింగులుగా కోసి ఒక్కొక్కటే దింపు. కోసిన చోట్లు ఒకదాని వెనక ఒకటి రానీయకు, మార్చి మార్చి పెట్టు. నట్టు చేత్తోనే బిగించి, షాఫ్ట్ తిరిగేటప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు రానివ్వు. ఆగినప్పుడు చుక్క పడకూడదు. పూర్తిగా ఆపాలని బిగిస్తే డోరీ కాలి షాఫ్ట్‌కి గాడి పడుతుంది. నడిపాక గ్లాండ్ మీద చెయ్యి పెట్టి చూడు. గోరువెచ్చగా ఉంటే పర్లేదు. చెయ్యి కాలితే పావు చుట్టు వదులు చెయ్.