'శిక్ష' అంటే దండనేనా? 'ఓపికతో పరుగెత్తడం' ఎలా? (హెబ్రీయులకు 12)

పలకాబలపం:
అందరికీ నమస్కారం. ఇది మతం గురించి వాదన కాదు, మాటల గురించి సందేహం. తీసెయ్యకండి.

మా చర్చిలో సండే స్కూల్ చెబుతాను. నా క్లాసులో పదకొండు మంది, అందరూ పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లు. పోయిన వారం పాఠం బైబిల్లోని హెబ్రీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయం. కష్టాల్లో విశ్వాసం వదలకుండా నిలబడటం గురించి. చదివించాను:

"నా కుమారుడా, ప్రభువు చేయు శిక్షను తృణీకరించకుము, ఆయన నిన్ను గద్దించినప్పుడు విసుకకుము. ప్రభువు తాను ప్రేమించువానిని శిక్షించి తాను స్వీకరించు ప్రతి కుమారుని దండించును."

ఒక పాప చెయ్యెత్తింది. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. సంక్రాంతికి ముందు యాక్సిడెంట్ అయి కాలు విరిగింది, రాడ్డు వేశారు. రెండు నెలలుగా ఇంట్లోనే. "టీచర్, మరి మా నాన్న ఏం తప్పు చేశాడు?" అంది. ఏడవలేదు, కోపంగా కూడా అడగలేదు. లెక్కలో డౌటు అడిగినట్టు అడిగింది. నాకు నోట మాట రాలేదు. వచ్చే వారం చెబుతానన్నాను.

అదే రోజు వెనక బెంచీ వాడొకడు, "పందెములో ఓపికతో పరుగెత్తుదము అని ఉంది టీచర్. ఓపిగ్గా కూర్చోమంటారు గానీ ఓపిగ్గా పరిగెత్తడం ఏంటి?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక చూస్తే వాడి ప్రశ్నకీ నా దగ్గర జవాబు లేదు.

ఇక్కడ 'శిక్ష' అంటే మనం అనుకునే శిక్షేనా? 'ఓపిక' సరైన మాటేనా?

అచ్చుతప్పు:
శిక్ష సంగతి తేలిక. సంస్కృతంలో శిక్ష అంటే నేర్పడం. ఆరు వేదాంగాల్లో మొదటిది శిక్ష, అంటే ఉచ్చారణ నేర్పే శాస్త్రం. తైత్తిరీయోపనిషత్తులో శీక్షావల్లి ఉంది. శిక్షణ, శిక్షకుడు, సుశిక్షితుడు అన్న మాటల్లో ఆ అర్థం మనకి ఇప్పటికీ మిగిలే ఉంది. ఒట్టి 'శిక్ష' ఒక్కటే జైలుకి పోయింది. నా చిన్నప్పుడు మా బడి గోడ మీద 'సర్వశిక్షా అభియాన్' అని రాసి ఉండేది. అందరికీ శిక్ష వేసే పథకం అనుకునేవాళ్లం. మా లెక్కల మాస్టారిని చూస్తే నమ్మకం ఇంకా గట్టిపడేది.

కాబట్టి మీ పిల్లలకి 'శిక్షణ' అని మార్చి చదవమని చెప్పండి. గొడవ వదిలిపోతుంది.

తుంగభద్ర:
మాది బళ్లారి వైపు, ఇంట్లో తెలుగు, బయట కన్నడం. కన్నడంలోనూ ఇదే తంతు: శిక్షె అంటే దండన, శిక్షణ అంటే చదువు. మరాఠీ, మలయాళాల్లో కూడా శిక్ష దండనే. హిందీ వాళ్లకి మాత్రం శిక్షా అంటే చదువు, అందుకే వాళ్ల బైబిల్లో ఈ చోట శిక్షా అని పెట్టలేదు, 'తాడనా' అని పెట్టారు. అంటే దెబ్బ వైపే మొగ్గారు. 'శిక్షణ' అని మార్చేస్తే తేలిపోయేటంత తేలిక కాదేమో అచ్చుతప్పు గారూ.

గీతగీసినపుస్తకం:
నేను క్రైస్తవ వేదాంత కళాశాలలో గ్రీకు చదువుతున్నాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి (రెండో ప్రశ్నకి అది పనికొస్తుంది).

ఇక్కడ గ్రీకు మాట 'పైదెయా'. 'పైస్' అంటే పిల్ల, పిల్లవాడు. పిల్లల్ని పెంచి మనుషుల్ని చేసే పనంతా పైదెయాయే: చదువు, నడవడిక, మందలింపు, అన్నీ. మన పాత తెలుగు బైబిల్లో ఆ మాట, దాని క్రియ ఎక్కడెక్కడ ఎలా వచ్చాయో చూడండి. అపొస్తలుల కార్యములు 22:3లో పౌలు తాను గమలీయేలు అనే గురువు పాదాల దగ్గర "శిక్షితుడనై" అంటాడు. అక్కడ చదువే, ఎవరూ ఎవరినీ కొట్టలేదు. రెండో తిమోతి 3:16లో లేఖనం "నీతియందు శిక్షచేయుటకును" ప్రయోజనకరం అని ఉంది. అదీ నేర్పడమే. ఆ అనువాదకుల చెవికి 'శిక్ష'లో రెండర్థాలూ వినబడేవని దీన్నిబట్టి తెలుస్తుంది. 1852 నాటి బ్రౌణ్య నిఘంటువులోనూ రెండర్థాలూ ఉన్నాయి. వాళ్లు తప్పు మాట ఎంచుకోలేదు. తర్వాత మాటే సగం చచ్చింది.

కానీ తుంగభద్ర గారన్నదీ నిజమే. లూకా 23:16లో రోమా అధికారి పిలాతు యేసు గురించి "నేనితనిని శిక్షించి విడుదల చేయుదును" అంటాడు. గ్రీకులో అదే క్రియ. అక్కడ ఆ మాటకి కొరడా దెబ్బలని అర్థం. అంటే గ్రీకు మాటే రెండువైపులా వంగుతుంది. పైగా హెబ్రీ 12:6లో "దండించును" అన్న చోట ఉన్నది పైదెయా కాదు, 'కొరడాతో కొట్టు' అనే వేరే క్రియ. 'శిక్షణ' పెట్టి దాన్ని దాచలేం.

ఆ కొరడా ఎక్కడిదో చూస్తే ఇంకా తమాషా. ఈ వచనం పాత నిబంధనలోని సామెతల గ్రంథం 3:12 నుంచి తీసుకున్నది. మన తెలుగు బైబిల్లో అక్కడ కొరడా లేదు: "తండ్రి తనకు ఇష్టుడైన కుమారుని గద్దించు రీతిగా యెహోవా తాను ప్రేమించువారిని గద్దించును." ఆ గ్రంథం అసలు భాష హీబ్రూ. దాన్ని మొదట్లో అచ్చులు లేకుండా హల్లులే రాసేవారు. ఆ చోట ఉన్న హల్లుల్ని ఒకలా పలికితే 'తండ్రిలాగా', ఇంకోలా పలికితే 'నొప్పి కలిగించు'. సెప్టువజింటు అనే పాత గ్రీకు అనువాదం చేసినవాళ్లు రెండోదిగా చదివారని పండితులు అంటారు. హెబ్రీ పత్రిక రాసినాయన ఆ గ్రీకునే ఎత్తి రాశాడు. అందుకే ఒకే పుస్తకంలో ఒకే వచనం పాత నిబంధనలో 'తండ్రిలాగా', కొత్త నిబంధనలో 'దండించును'.

అచ్చుతప్పు:
అమ్మో. నా 'తేలిక' వెనక్కి తీసుకుంటున్నా.

చెలమనీళ్లు:
పండితులంతా బాగా చెప్పారు గానీ ఆ పిల్ల అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదమ్మా. వాళ్ల నాన్న ఏం తప్పు చేశాడు అని కదా అడిగింది.

నేను నలభై ఏళ్లు బడిపంతులుగా చేశాను. "మొక్కై వంగనిది మానై వంగునా" అని, "దండం దశగుణం" అని, చర్చికెళ్లే ఇళ్లలో అయితే "బెత్తము వాడనివాడు తన కుమారునికి విరోధి" అని, ఏ ఇంటి తండ్రి అయినా తన కోపానికి ఏదో ఒక వాక్యం అడ్డం పెట్టుకోవడం చూశాను. 2009 విద్యాహక్కు చట్టం బళ్లో కొట్టడం నిషేధించింది. ఇళ్లలో మాత్రం ఈ వాక్యాలే నడుస్తున్నాయి. అదే అధ్యాయంలో పదో వచనం ఎవరూ చదవరేం? కన్న తండ్రులు "తమకిష్టము వచ్చినట్టు మనలను శిక్షించిరి" అని ఎత్తిపొడుపుగానే రాశాడాయన. దేవుడి శిక్ష అలాంటిది కాదని చెప్పడానికి.

గీతగీసినపుస్తకం:
అమ్మా, మీరన్నది నిజం. అసలు విషయం వదిలేశాను.

పత్రిక ఎవరికి రాశారో రెండు అధ్యాయాలు వెనక్కి వెళ్లి చూడాలి. 10:32 నుంచి 34 వరకు. వాళ్లని నలుగురిలో నిందించారు, బాధపెట్టారు, వాళ్ల ఆస్తి పోయింది. వాళ్లు తప్పు చేసినందుకు కాదు, విశ్వాసంలో ఉన్నందుకు. అలాంటివాళ్లకి "ఇది శిక్ష" అని రాస్తున్నాడంటే 'మీ తప్పుకి ఫలితం' అనే అర్థం ఎలా పొసుగుతుంది? తప్పు చేసినందుకు వేసేది వెనక్కి చూస్తుంది. పైదెయా ముందుకి చూస్తుంది, ఈ పిల్ల ఏమవ్వాలి అని. 12వ అధ్యాయం ఏడో వచనంలో "శిక్షాఫలము పొందుటకై మీరు సహించుచున్నారు" అంటాడు. శిక్షకి ఫలం ఉంటుందని కోర్టు తీర్పుల్లో ఎవరూ రాయరు కదా.

పాప ప్రశ్నే యోహాను 9లో శిష్యులు కూడా అడుగుతారు, పుట్టుగుడ్డి గురించి: "ఎవడు పాపము చేసెను? వీడా, వీని కన్నవారా?" ఇద్దరూ కాదంటాడు యేసు. పాపకి మొదట చెప్పాల్సింది అదే అనుకుంటాను. యాక్సిడెంట్ దేవుడే చేయించాడని గానీ, వాళ్ల నాన్నకి పాఠం చెప్పడానికని గానీ ఈ అధ్యాయం అనడం లేదు. వచ్చిపడిన కష్టంలో కూడా తండ్రి పిల్లల్ని వదిలెయ్యడు, పెంచుతూనే ఉంటాడు అంటోంది.

పలకాబలపం:
చెలమనీళ్లు గారూ, గీతగీసినపుస్తకం గారూ, ఇది చదివాక ఊపిరి పీల్చుకున్నాను. పరిగెత్తేవాడి సంగతి కూడా చెప్పండి. వాడు ఊరుకోడు.

చెలమనీళ్లు:
ఆ పిల్లాడికి చెప్పు, మీ నాయనమ్మ మేడ మెట్లెక్కలేక "నాకు ఓపిక లేదురా" అంటే ఏమిటని. సహనం లేదనా? కాళ్లలో సత్తువ లేదని. జ్వరం వచ్చి తగ్గాక "ఇంకా ఓపిక రాలేదు" అంటాం. ఓపిక అంటే మనకి రెండూ. కూర్చుని భరించేదీ ఓపికే, లేచి నడిపించేదీ ఓపికే. ఓపికతో పరిగెత్తడం అంటే చివరిదాకా సత్తువ మిగిల్చుకుని పరిగెత్తడం. మొదటి రౌండులోనే రొప్పేవాడు పందెం గెలవడు.

గీతగీసినపుస్తకం:
అద్భుతం! గ్రీకు 'హుపొమొనే' సరిగ్గా అంతే. 'కింద' 'నిలిచి ఉండు' అనే రెండు ముక్కలు కలిసిన మాట, బరువు కింద నుంచి తప్పుకోకుండా నిలవడం. తెలుగు బైబిల్లో దీన్ని యాకోబు 1:3లో 'ఓర్పు' అన్నారు, అదే యాకోబు 5:11లో యోబు 'సహనము' అన్నారు, పరుగు పందెం దగ్గర మాత్రం 'ఓపిక' అన్నారు. కావాలనే చేశారో, చెవికి అలా తోచిందో గానీ ఆ చోటుకి ఆ మాటే కావాలి. ఓర్పుతో పరుగెత్తుదము అంటే కుదరదు.

ఈ అధ్యాయమంతా మైదానమే. 'పందెము', 'ప్రతి భారమును విడిచిపెట్టి' సరే. పదకొండో వచనంలో శిక్షయందు "అభ్యాసము కలిగినవారికి" అన్న చోట గ్రీకు క్రియ 'గుమ్నాజో'. మన జిమ్ అనే మాట పుట్టింది ఆ కుదురు నుంచే. పిల్లలకి ఇది చెప్పండి, వదలరు. "విసుకకుము" కూడా మనకి బోరు కొట్టడంలా వినబడుతుంది గానీ గ్రీకులో 'సడలిపోకు, జారిపోకు' అని. పన్నెండో వచనంలో "సడలిన మోకాళ్లను" అన్న చోటా అదే ధాతువు.

అచ్చుతప్పు:
వెనక్కి తీసుకున్నవాడిని మళ్లీ వచ్చాను, ఒకటి దొరికింది. 'శిక్ష' ఎక్కడ పుట్టిందో చూశాను. 'శక్' ధాతువు, 'శక్తి'లో ఉన్నదే, చేయగలగడం అని అర్థం. దానికి 'కోరిక' అర్థం చేరిస్తే 'శిక్ష్'. అంటే చేతనవ్వాలని కోరడం. ఇటు 'ఓపిక' పుట్టింది 'ఓపు' నుంచి. ఓపు అంటే? చేయగలుగు, శక్తుడగు! 'ఓపినంత', 'ఓపలేను' అంటాం కదా. ఒకటి సంస్కృతం, ఒకటి అచ్చ తెలుగు, రెండిటికీ చుట్టరికం లేదు. అయినా మీ అధ్యాయంలో ఉన్న రెండు మాటలూ అడుగున 'చేతనవడం' దగ్గరే కలుస్తున్నాయి. రాత్రి పదకొండింటికి మా ఆవిడని లేపి చెప్పాను. ఆవిడకి ఓపిక లేదు.

తుంగభద్ర:
😀 ఆవిడ కోణంలో అది శిక్షే.

పలకాబలపం గారూ, అదే పదకొండో వచనంలో 'సమాధానకరమైన ఫలము' దగ్గర కూడా జాగ్రత్త. మా అబ్బాయి దాన్ని పరీక్షలో ఆన్సరు అనుకున్నాడు చాలాకాలం. బైబిలు తెలుగులో సమాధానమంటే శాంతి అని వాడికి ఎవరూ చెప్పలేదు.

చెలమనీళ్లు:
"ఓర్చినమ్మకు తేటనీరు" అని సామెత. ఇసకలో చెలమ తవ్వితే ముందు బురదే ఊరుతుంది. ఆత్రపడి ముంచితే బిందెడు బురద. కాసేపు కూర్చుంటే తేరుకుంటుంది. నా పేరు అందుకే అలా పెట్టుకున్నాను. ఈ కాలం పిల్లలు చెలమ చూసి ఉండరు, బొమ్మ గీసి చూపించు.

పలకాబలపం:
నిన్న క్లాసు అయింది. చెప్పకుండా ఉండలేక వచ్చాను.

'శిక్ష' మాట మార్చలేదు. బోర్డు మీద శిక్ష, శిక్షణ, శక్తి రాసి చుట్టూ గీత గీశాను. ముందు యోహాను 9 చదివించాను. పాప విని ఊరుకుంది, ఏమీ అనలేదు. వెనక బెంచీ వాడు జిమ్ దగ్గర లేచి కూర్చున్నాడు. 'దండించును' దాచలేదు. అది నొప్పిగానే ఉంటుందని ఆ పత్రికే ఒప్పుకుంటోందని, "ప్రస్తుతమందు సమస్తశిక్షయు దుఃఖకరముగా" అని ఉందని చూపించాను. పెద్ద పిల్లొకతె, "అయితే నవ్వుతూ ఉండక్కర్లేదన్నమాట" అంది. అక్కర్లేదన్నాను.

తర్వాత వంతులవారీగా చదవమంటే పదమూడో వచనం ఆ పాపకి వచ్చింది. నేను చూసుకోలేదు. "కుంటికాలు బెణకక బాగుపడు నిమిత్తము మీ పాదములకు మార్గములను సరళము చేసికొనుడి." చదివి ఆగింది. "బెణకక అంటే?" అంది. మడత పడకుండా అన్నాను. "మా నాన్న వాకర్ పట్టుకుని బాత్రూం దాకా వెళ్తున్నాడు టీచర్. మధ్యలో గడప ఉంది. నేనూ తమ్ముడూ దాని పక్కన ఇటుకలు పెట్టాం, వాలుగా" అంది.

మార్గములను సరళము చేయడం అంటే ఏమిటో వివరించడానికి నేను రాసుకెళ్లిన కాగితం మడిచి బైబిల్లో పెట్టేశాను.