మానవ హక్కుల ప్రకటన మొదటి వాక్యంలో ‘స్వత్వం’ ఎక్కడిది?

ఐక్యరాజ్యసమితి 1948 డిసెంబరు 10న పారిస్‌లో ఆమోదించిన మానవ హక్కుల ప్రకటన తెలుగు పాఠంలో మొదటి అధికరణం ఇది:

“ప్రతిపత్తిస్వత్వముల విషయమున మానవులెల్లరును జన్మతః స్వతంత్రులును సమానులును నగుదురు. వారు వివేదన-అంతఃకరణ సంపన్నులగుటచే పరస్పరము భ్రాతృభావముతో వర్తింపవలయును.”

హక్కు అన్న మాటే లేదేమిటి? ప్రతిపత్తి అంటే హోదా కదా, అది ఇక్కడెందుకొచ్చింది? తెలిసినవారు చెప్పండి.

స్పందన

స్వత్వం అంటే హక్కేనండీ. ‘స్వ’ అంటే తన. తనది అయి ఉండటం స్వత్వం. (మనం రోజూ వాడే ‘హక్కు’ అరబ్బీ నుంచి వచ్చింది. అక్కడ దానికి సత్యం అనే అర్థం కూడా ఉంది.) ధర్మశాస్త్రాల్లో స్వత్వం ఆస్తి పంపకాల దగ్గర వినిపించే మాట. పూర్వికుల ఆస్తిలో కొడుక్కి వాటా ఎప్పుడొస్తుంది, తండ్రి పోయాకనా, తను పుట్టగానేనా? పుట్టగానే అన్నాడు ‘మితాక్షర’ అనే ధర్మశాస్త్ర వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు. దీన్నే జన్మస్వత్వవాదం అంటారు. బెంగాల్లో నడిచిన ‘దాయభాగం’ అనే మరో ధర్మశాస్త్ర గ్రంథం దీన్ని ఒప్పుకోదు. మన దగ్గర మాత్రం మితాక్షరే చెల్లింది. 13వ శతాబ్దంలోనే కవి కేతన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

ఇప్పుడు ఆ వాక్యం మళ్లీ చదవండి. ‘స్వత్వము’, ‘జన్మతః’ రెండూ అందులోనే ఉన్నాయి. ఒకప్పుడు కొడుకులకు మాత్రమే, అదీ ఆస్తి వరకే చెప్పిన జన్మస్వత్వం ఇక్కడ మానవులందరికీ దక్కింది. నాకు ఈ అనువాదం మీద ప్రేమ కలిగింది అందుకే.

మన ఇళ్లలో కూతుళ్లకు అది దక్కడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురికీ పుట్టుకతో వాటా ఇచ్చింది. ఈ పని మొదట చేసిన రాష్ట్రం మనదే. కాని ఆ తేదీకి ముందే పెళ్లయిన ఆడపిల్లల్ని పక్కన పెట్టేసింది. పెళ్లయితే పుట్టుక మారిపోతుందా? దేశమంతటా అమలయ్యే సవరణ 2005లో వచ్చింది.

ఇక ప్రతిపత్తి. ఇప్పుడు స్వయంప్రతిపత్తి, ప్రత్యేక ప్రతిపత్తి అని వాడుతున్నాం కాబట్టి హోదాలా వినిపిస్తుంది. సంస్కృతంలో గౌరవం అనే అర్థమూ ఉంది. ‘గౌరవం’ అని రాస్తే తేలిగ్గా అర్థమయ్యేదే, కాని గౌరవం ఎదుటివాడు ఇస్తేనే ఉంటుంది. ఈ వాక్యం చెప్పేది ఎవరూ ఇవ్వకపోయినా మనిషికి ఉండే విలువ గురించి. హిట్లర్ ప్రభుత్వం 1935లో చట్టం చేసి మరీ యూదుల పౌరసత్వం తీసేసింది, ఆ తర్వాత లక్షల మందిని చంపింది. రాజ్యం ఇచ్చిన హక్కును రాజ్యమే లాక్కోగలదని అప్పటికి అందరూ చూశారు. అందుకే హక్కుకు మూలం పుట్టుకేనని ఈ వాక్యం చెప్పింది.

స్పందన

‘మానవులెల్లరును’ గురించి ఒక మాట చేర్చాలి. ఇంగ్లీషు చిత్తుప్రతిలో ‘పురుషులందరూ’ అని కూడా అర్థమొచ్చే మాట ఉండేది. అందులో స్త్రీలూ ఉన్నారనే అనుకుంటారని ప్రకటనను తయారుచేసిన మానవ హక్కుల కమిషన్ అధ్యక్షురాలు ఎలినార్ రూజ్వెల్ట్ వాదించారు. మన దేశం తరఫున వెళ్లిన హంసా మెహతా ఒప్పుకోలేదు. పట్టుబట్టి దాన్ని ‘మానవులందరూ’ అని మార్పించారు. ఆమె భయం ఉత్తది కాదు. ఫ్రాన్స్ 1789 ప్రకటనలో హక్కులు ‘మనిషి’వి, ‘పౌరుడి’వి. స్త్రీలకు ఓటు రాలేదు. 1791లో స్త్రీల హక్కుల ప్రకటన రాసిన ఒలింప్ ద గూజ్‌ను 1793లో గిలెటిన్‌కు పంపారు.

తెలుగులో బహువచనం వాడటం వల్ల మేలే జరిగింది. ‘ఆమె వచ్చింది’ అంటే క్రియ ‘బండి వచ్చింది’లాగే ఉంటుంది. ‘వాళ్లు వచ్చారు’ అన్నప్పుడే ఆడవాళ్లు మనుషుల వరసలో చేరతారు. ‘ప్రతి మానవుడు’ అని రాసి ఉంటే మళ్లీ అదే గొడవ.

స్పందన

మరి ‘భ్రాతృభావం’ సంగతి? అక్కచెల్లెళ్లు ఏమయ్యారు? సంస్కృతంలో ‘భ్రాతరౌ’ అంటే అన్నాచెల్లెళ్లు కూడా అవుతారని పాణిని సూత్రం ఉంది, నిజమే. కాని హక్కుల పత్రంలో ఆడపిల్ల ఉందని తెలుసుకోవడానికి వ్యాకరణం తిరగేయాల్సిన పని ఉండకూడదు. తెలుగులో ‘తోబుట్టువు’ ఉంది, అన్నకీ చెల్లికీ ఒకటే మాట.

‘అంతఃకరణ’ మాత్రం ఉంచాలి. మొదటి చిత్తుప్రతిలో ఆ చోట బుద్ధి ఒక్కటే ఉండేది. చైనా ప్రతినిధి పి.సి. చాంగ్ అది చాలదని, కన్ఫ్యూషియస్ చెప్పిన ‘రెన్’ కూడా కావాలన్నారు. ఎదుటి మనిషిని తనలాగే తలచడం అని దాని భావం. ఇంగ్లీషులో అది మనస్సాక్షి అనే అర్థానికి కుదించుకుపోయింది. చాంగ్ అడిగినదానికి అంతఃకరణే దగ్గర. ‘వివేదన’ బదులు మాత్రం ‘వివేకం’ చాలు.

నా ప్రయత్నం ఇది: “మనుషులందరూ పుట్టుకతోనే స్వతంత్రులు, విలువలోనూ హక్కుల్లోనూ సమానులు. వివేకం, అంతఃకరణ ఉన్నవాళ్లు కాబట్టి ఒకరితో ఒకరు తోబుట్టువుల్లా మెలగాలి.” ‘విలువ’ దగ్గర నాకింకా తృప్తిగా లేదు, ధరలాగా వినిపిస్తోంది. ఇంతకన్నా మంచి మాట ఎవరికైనా తడితే రాయండి.