తెగిన నరం ఎండిపోతుందా, తనను తానే చంపుకుంటుందా?

పెన్నా_గట్టు: నరం తెగితే అవతలి ముక్క నరికిన కొమ్మలా తిండి లేక ఎండిపోతుందని నిన్నటి థ్రెడ్‌లో మాస్టారు అన్నారు. 1850లో వాలర్ అనే శాస్త్రవేత్త కప్ప నాలుక నరాలు కోసి చూసినప్పటి నుంచీ అందరి నమ్మకమూ అదే. కానీ 1989లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు చూసిన ఒక జాతి ఎలుకల్లో ఆ ముక్క వారాలు గడిచినా చావలేదు. మామూలు ఎలుకల్లో రెండు రోజులకే తునాతునకలు. తిండి ఆగింది రెండింటికీ కదా?

జువాలజీ_మాస్టారు: 31 ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి. వెన్ను దగ్గరుండే నరం తాలూకు కణం నుంచి సరుకు ఆగబట్టే కదా అవతలి ముక్క చచ్చేది?

పెన్నా_గట్టు: కణం పంపే ఎన్‌ఎంనాట్2 అనే ప్రొటీన్ గంటల్లో అరిగిపోతుంది. అది తగ్గగానే సార్మ్1 అనే మరో ప్రొటీన్ లేచి, శక్తికి ఆధారమైన ఎన్ఏడీ అనే పదార్థాన్ని నాశనం చేస్తుంది. సార్మ్1 లేని ఎలుకల్లో తెగిన ముక్క నిలిచిందని 2012లో తేలింది. ఇది పస్తు కాదండీ, ఉన్న బియ్యం తగలబెట్టుకోవడం.

చిన్నోడు99: నరం అంటే రక్తం పోయేదా అన్నా?

జువాలజీ_మాస్టారు: అది రక్తనాళం నాయనా, నరం మెదడు కబుర్లు మోసే తీగ. పెన్నా గారూ, కొత్త బియ్యం రాకేగా తగలబెట్టింది? ఆకలే.

బుల్లెట్_బాబీ: ఆపండి సామీ. బండి మీంచి పడి మోచేయి పైన రేకు కోసుకుంది. నాలుగో రోజు మణికట్టు దగ్గర షాకిస్తే చిటికెన వేలు కదిలింది. నరం బాగుంది, ఆగు అన్నారు. ఐదు నెలలకు విప్పి చూస్తే రెండు ముక్కలు. ఇప్పుడు వేడన్నం కలిపితే పొక్కు లేచాకే తెలుస్తోంది.

పెన్నా_గట్టు: తెగిన ముక్క కొన్నాళ్లు బతికే ఉంటుంది, కరెంటూ పారుతుంది. గాయానికి పైభాగాన, భుజం వైపు షాకివ్వాల్సింది. మూడు వారాలకు మళ్లీ చెయ్యాల్సింది.

జువాలజీ_మాస్టారు: చూశారా! నరికిన కొమ్మా నాలుగు రోజులు పచ్చగానే ఉంటుంది.

బుల్లెట్_బాబీ: నా చెయ్యి మీకు సామెతా? పోయిన ఐదు నెలలు ఎవడిస్తాడు?

జువాలజీ_మాస్టారు: కోప్పడకు. మా ఆవిడకు మూతి వంకర పోతే ఆగమన్నారు, మూడు నెలల్లో సర్దుకుంది. తొందరపడి కత్తి పెట్టకూడదనే నా బాధ.

పెన్నా_గట్టు: అసలు గొడవ ఇదన్నమాట! నలిగిన నరానికి ఆగొచ్చు, తొడుగు చెక్కుచెదరదు. తెగినదానికి ఆగితే ఎలా? కుట్టాక పైముక్క నుంచి వచ్చే కొత్త మొలక రోజుకు సుమారు 1 మి.మీ. పాకుతుంది. అరచేతికి చేరడానికి ఏడాది. అంతసేపు కండరం కాచుకుని కూర్చోదు.

బుల్లెట్_బాబీ: ముంజేతి మీద తడితే ఒకచోట జివ్వుమంటోంది. పోయిన నెలకన్నా రెండు వేళ్లు కిందికి జరిగింది.

జువాలజీ_మాస్టారు: మొలక కొస అక్కడిదాకా వచ్చిందన్నమాట. అక్కడ బాల్‌పెన్నుతో గీత పెట్టి తేదీ వెయ్యి నాయనా. వచ్చే నెల ఇక్కడే చెప్పు. కొమ్మ సంగతి మాత్రం నేను వదల్లేదు.