క్యాంపర్ వ్యానుకు లిథియం బ్యాటరీ: 200 ఏహెచ్‌ది ఒకటా, 100 ఏహెచ్‌వి రెండా?

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో ఉంటున్న మేము ఒక పాత ఫోర్డ్ ట్రాన్సిట్ వ్యానును క్యాంపర్‌గా, అంటే లోపలే వండుకుని పడుకోగల బండిగా, మార్చుకుంటున్నాం. వైరింగు మొదలుపెట్టేలోగా బ్యాటరీల సంగతి తేల్చుకోవలసి ఉన్నందున, అనుభవమున్నవారి సలహా కోరుతున్నాను.

ఫ్రిజ్, లైట్లు, డీజిల్ హీటరు, ల్యాప్‌టాప్ కలిపి రోజుకు సుమారు 60 ఆంపియర్-అవర్లు (ఏహెచ్) అవుతాయని లెక్క వేశాను. పిల్లలకు రాత్రిపూట వేడి అన్నం పెట్టాలన్నది మా పట్టుదల. 500 వాట్ల రైస్ కుక్కరు ఇన్వర్టరు మీద అరగంట నడిస్తే, నష్టాలతో కలిపి మరో 23 దాకా ఖర్చవుతాయి. బయటి కరెంటు లేకుండా రెండు రోజులు గడవాలంటే 200 ఏహెచ్ అవసరమని తోస్తోంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమే కొనాలని నిశ్చయించుకున్నాం. చిక్కల్లా ఒకటా, రెండా అన్నదే. ఒకే పెద్ద బ్యాటరీలోని బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే నియంత్రణ వ్యవస్థ) 100 ఆంపియర్లకే పరిమితమైతే, 1280 వాట్లు దాటిన పరికరమేదైనా పెట్టగానే అది సరఫరాను ఆపివేయవచ్చు. రెండింటిని సమాంతరంగా కలిపితే భారం పంచుకుంటాయి, ఒకటి చెడిపోయినా ఫ్రిజ్ ఆగదు; కాని కేబుళ్ల పొడవులు సమానంగా ఉండాలి, సీటు కింద చోటేమో ఇరుకు.

అంతకంటే నన్ను కలవరపెడుతున్నది చలి. సున్నా డిగ్రీలకు దిగువన చార్జి చేస్తే సెల్‌లో లిథియం లోహం పేరుకుని శాశ్వత నష్టం కలుగుతుంది. డిసెంబరులో స్కాట్లండ్ హైలాండ్స్‌కు వెళ్లదలచిన మాకు, చలిలో చార్జింగును నిలిపివేసే రక్షణ సరిపోతుందా, లేక తనంతట తానే వేడెక్కే బ్యాటరీకి అదనంగా ఖర్చు పెట్టడం మేలా? ఇంజను నడుస్తుండగా కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు నుంచి చార్జి చేయడానికి 30 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జరు చాలుతుందో లేదో కూడా దయచేసి తెలియజేయగలరు.